వెలుగుతో బతికే విద్య: ఊదా బాక్టీరియా జన్యు చరిత్ర

కిరణజన్య సంయోగక్రియ అనగానే పచ్చని ఆకు, ఆ ఆకు నుంచి వెలువడే ఆక్సిజన్ తలపుకు రావడం సహజమే అయినా, సూర్యకాంతిని ఆధారం చేసుకుని బతికే జీవులన్నీ పచ్చగా ఉండవు, అవన్నీ ఆక్సిజన్‌ను విడిచిపెట్టవు. నిలవ నీటి కుంటల అడుగున, ఉప్పునీటి బురదలో, వరిమడి మట్టిలో, గంధకపు వేడినీటి బుగ్గల అంచుల్లో, అంటే గాలి అందకపోయినా కాస్తో కూస్తో వెలుతురు చేరే చోట్ల, ఊదా బాక్టీరియా అని పిలిచే సూక్ష్మజీవులు ఈ పనిని తమదైన పద్ధతిలో చేస్తుంటాయి. పేరుకు ఊదా అయినా, ప్రయోగశాల సీసాల్లో పెంచినప్పుడు ఇవి జాతిని బట్టి వంకాయ రంగులో, ఇటుక ఎరుపులో, గోధుమ రంగులో, ఒక్కోసారి ఆకుపచ్చగా కూడా కనిపిస్తాయి. పత్రహరితానికి దగ్గరి బంధువైన బాక్టీరియోక్లోరోఫిల్ అనే వర్ణకం, క్యారెట్‌కూ టమాటాకూ రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబానికి చెందిన మరికొన్ని వర్ణకాలు ఏ పాళ్లలో కలిశాయన్నదాన్ని బట్టి ఆ రంగు మారుతుంది.

మొక్కకు కిరణజన్య సంయోగక్రియ ప్రాణాధారం. దానికి అవసరమైన జన్యువును చెడగొడితే మొలక పాలిపోయి చనిపోతుంది గనుక, ఆ జన్యువు చేసే పని ఏమిటో వివరంగా పరిశీలించే అవకాశమూ చాలావరకు దానితోనే పోతుంది. ఊదా బాక్టీరియాలో చాలా జాతులకు మాత్రం అది అవసరం పడినప్పుడు బయటికి తీసే విద్య. వెలుతురు ఉండి గాలి లేనప్పుడు అవి కాంతితో బతుకుతాయి. గాలి దొరికితే చీకట్లో కూడా, మనిషి కణాలు చేసినట్లే, ఆహారాన్ని ఆక్సిజన్‌తో దహించుకుని శక్తి పొందుతాయి. అందువల్ల కాంతిని వాడుకునే యంత్రాంగంలో ఏ భాగాన్ని విరగ్గొట్టినా బాక్టీరియా చావదు, చీకట్లో పెరుగుతూనే ఉంటుంది, విరిగిన భాగం ఏదో పరిశోధకులు తీరిగ్గా చూసుకోవచ్చు. కాంతి జీవశక్తిగా ఎలా మారుతుందన్న ప్రశ్నకు దొరికిన మౌలికమైన జవాబుల్లో చాలా వాటిని పచ్చని ఆకు కన్నా ముందుగా ఈ బురద జీవులు ఇవ్వడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

ఈ జవాబుల వెతుకులాట జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త టెయోడోర్ ఎంగెల్‌మన్‌తో మొదలైంది. 1880ల్లో ఆయన సూక్ష్మదర్శిని కింద ఈదే ఊదా బాక్టీరియా మీద వర్ణపటాన్ని ప్రసరింపజేసినప్పుడు, అవి కంటికి కనిపించే రంగుల్లోనే కాక, ఎరుపుకు ఆవల మనిషి కంటికి చీకటిగా తోచే పరారుణ ప్రాంతంలో కూడా గుమిగూడాయి. అవి పరారుణ కాంతిని గ్రహిస్తున్నాయన్న ఆయన నిర్ధారణ సరైనదే. మొక్కల మాదిరిగా అవీ ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయన్న ఆయన అభిప్రాయం మాత్రం నిలవలేదు. 1907లో హాన్స్ మోలిష్ ఊదా బాక్టీరియా గురించి రాసిన గ్రంథంలో, వాటి నుంచి ఆక్సిజన్ ఏమాత్రం వెలువడదని చూపాడు. కాంతిని వాడుకుంటూ ఆక్సిజన్‌ను ఇవ్వని జీవిని కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవిగా లెక్కించవచ్చా అన్న చిక్కు అక్కడి నుంచి రెండు దశాబ్దాలకు పైగా అలాగే ఉండిపోయింది.

ఆ చిక్కును విడదీసినవాడు నెదర్లాండ్స్‌లో పుట్టి, కాలిఫోర్నియా తీరంలోని హాప్‌కిన్స్ సముద్ర పరిశోధన కేంద్రంలో స్థిరపడిన కార్నెలిస్ వాన్ నీల్. గంధకంతో బతికే ఊదా, ఆకుపచ్చ బాక్టీరియాను జాగ్రత్తగా పెంచి, అవి ఎంత కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటున్నాయో, ఎంత హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుతున్నాయో లెక్కగట్టిన ఆయన, 1931లో ఒక సాధారణ సూత్రాన్ని ప్రతిపాదించాడు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఈ బాక్టీరియా హైడ్రోజన్‌ను తీసుకుని గంధకాన్ని మిగిల్చినట్లే, మొక్క నీటి నుంచి హైడ్రోజన్‌ను తీసుకుని ఆక్సిజన్‌ను మిగులుస్తుందన్నది ఆయన వాదన. ఆకు విడిచే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోనిదని చాలామంది నమ్ముతున్న రోజుల్లో, అది నీటిలోనిదై ఉండాలన్న ఊహ ఒక దుర్గంధపు బాక్టీరియా మీద జరిపిన లెక్కల నుంచి పుట్టింది. 1941లో బర్కిలీ పరిశోధకులు బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో చేసిన ప్రయోగాలు దాన్ని బలపరిచాయి. అయితే కాంతి అన్ని జీవుల్లోనూ ముందు నీటినే విడగొడుతుందన్న వాన్ నీల్ తరువాతి ఊహ మాత్రం తప్పింది. ఊదా బాక్టీరియా నీటిని అసలు విడగొట్టలేదు. నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి సుమారు 0.8 వోల్టుల బలం కావాలి. మొక్కల్లో ఆ పని చేసే కేంద్రానికి సుమారు 1.2 వోల్టుల బలం ఉండగా, ఊదా బాక్టీరియా కేంద్రానికి ఉన్నది దాదాపు 0.5 వోల్టులే. అందుకే అది సల్ఫైడ్, హైడ్రోజన్, సేంద్రియ ఆమ్లాల వంటి తేలికగా ఎలక్ట్రాన్లను వదులుకునే పదార్థాలతో సరిపెట్టుకుంటుంది.

ఈ విద్యను ఎప్పుడు బయటికి తీయాలో బాక్టీరియాకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు 1957లో జెర్మేన్ కోహెన్-బజీర్, విలియం సిస్ట్రం, రోజర్ స్టేనియర్ ప్రచురించిన వ్యాసం పునాది వేసింది. గాలి ధారాళంగా అందుతున్నంతసేపు ఈ బాక్టీరియా వర్ణకాల తయారీని దాదాపు ఆపేస్తుందని, ఆక్సిజన్ తగ్గగానే మొదలుపెడుతుందని, వెలుతురు మందంగా ఉంటే మరింత ఎక్కువగా, తీవ్రంగా ఉంటే తక్కువగా తయారుచేస్తుందని వారు కొలిచి చూపారు. అదే బృందం అంతకు రెండేళ్ల ముందు, కెరోటినాయిడ్లను తయారుచేయలేని నీలి-ఆకుపచ్చ ఉత్పరివర్తకాన్ని, అంటే జన్యువులో మార్పు వచ్చిన బాక్టీరియాను, పరిశీలించి మరో ముఖ్య విషయాన్ని కనిపెట్టింది: గాలి లేనంతవరకు అది కాంతిలో హాయిగా పెరిగింది గానీ, కాంతీ ఆక్సిజనూ ఒకేసారి తగలగానే చనిపోయింది. కాంతిని మింగిన బాక్టీరియోక్లోరోఫిల్ ఆ శక్తిని ఆక్సిజన్‌కు ఇస్తే అది కణాన్ని కాల్చివేసే రూపం దాలుస్తుంది. కెరోటినాయిడ్లు ఆ ప్రమాదాన్ని అడ్డుకుంటాయి. ఆకుల్లో కూడా కెరోటినాయిడ్లకు ఇదే కాపలా పని ఉంది.

రంగు మారిన ఉత్పరివర్తకాలు ఈ రంగంలో పనిచేసేవారికి వరంగా పరిణమించాయి. ఏ జన్యువు చెడిందో తెలుసుకోవడానికి ఇతర జీవుల్లో ఎంతో శ్రమతో కూడిన పరీక్షలు అవసరమైతే, ఇక్కడ పెట్రీ పళ్లెంలోని చుక్కల్లో ఏది ఎర్రగా కాక పచ్చగా ఉంది, ఏది తెల్లబోయింది అని కంటితో చూసి ఏరుకోవచ్చు. వర్ణకపు తయారీ మధ్యలో ఆగిపోతే అక్కడిదాకా తయారైన పదార్థం పోగుపడి, ఆగిన మెట్టు ఏదో తానే చెబుతుంది.

కాంతితో బతికే విద్యకు కావలసిన పరికరాలు మూడు. ఇవన్నీ కణం లోపలికి ముడుచుకుపోయిన పలుచని పొరల్లో పొదిగి ఉంటాయి. రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్ అనే జాతిలో ఆ పొరలు సుమారు 50 నుంచి 60 నానోమీటర్ల వ్యాసమున్న గోళాకార బుడగల్లా ఉంటాయి. మొదటి పరికరం ఎల్‌హెచ్2 అనే కాంతి గ్రాహక వలయం. గ్లాస్గోకు చెందిన రిచర్డ్ కాగ్డెల్ బృందం 1995లో ఒక జాతి ఊదా బాక్టీరియా నుంచి తీసిన ఈ వలయం నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో వెల్లడించినప్పుడు, తొమ్మిది ప్రోటీన్ జతలు గుండ్రంగా నిలబడి, వాటి నడుమ 27 బాక్టీరియోక్లోరోఫిల్ అణువులు రెండు వరుసల్లో అమరి ఉండడం కనిపించింది: 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాన్ని గ్రహించే తొమ్మిది విడివిడిగా, 850 నానోమీటర్లను గ్రహించే పద్దెనిమిది దగ్గర దగ్గరగా. రెండవది ఎల్‌హెచ్1 అనే పెద్ద వలయం. అది సుమారు 875 నానోమీటర్ల కాంతిని గ్రహిస్తుంది. మూడవది ఆ పెద్ద వలయం నడుమ కూర్చున్న చర్యా కేంద్రం, అంటే కాంతిశక్తి విద్యుత్ రూపం దాల్చే చోటు.

కాంతికణం ఒకటి ఎల్‌హెచ్2 మీద పడితే, దాని శక్తి మొదటి వరుస నుంచి రెండో వరుసకు సుమారు ఒక పికోసెకనులో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో చేరుతుంది. అక్కడి నుంచి ఎల్‌హెచ్1కు కొన్ని పికోసెకన్లలో, అక్కడి నుంచి చర్యా కేంద్రానికి కొన్ని పదుల పికోసెకన్లలో దిగుతుంది. ప్రతి మెట్టులోనూ తరంగదైర్ఘ్యం కొంచెం పెరగడం వల్ల, అంటే శక్తి కొంచెం తగ్గడం వల్ల, ప్రవాహం వెనక్కి మళ్లకుండా లోపలికే సాగుతుంది. కేంద్రంలోని ప్రత్యేక జంట అనే రెండు బాక్టీరియోక్లోరోఫిల్ అణువులు ఉత్తేజితమై దాదాపు మూడు పికోసెకన్లలో ఒక ఎలక్ట్రాన్‌ను పక్కకు నెట్టేస్తాయి, అది మరో 200 పికోసెకన్లలో క్వినోన్ అనే అణువును చేరుతుంది. గ్రహించిన కాంతికణాల్లో దాదాపు ప్రతి ఒక్కటీ ఇలా ఒక ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుంది. అయితే దీన్ని నూటికి నూరుపాళ్ల సామర్థ్యంగా కొన్ని పత్రికలు రాయడం సరికాదు. లెక్కకు వచ్చేది కదిలిన ఎలక్ట్రాన్ల సంఖ్యే గానీ నిలిచిన శక్తి కాదు, దారి పొడవునా కొంత శక్తి వేడిగా పోతూనే ఉంటుంది.

చర్యా కేంద్రం నిర్మాణాన్ని చూడగలగడం జీవరసాయన శాస్త్ర చరిత్రలో ఒక మలుపు. నూనె వంటి పొరలో మునిగి ఉండే ప్రోటీన్లు స్ఫటికాలుగా ఏర్పడవన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో, జర్మనీలోని మార్టిన్స్‌రీడ్‌లో హార్ట్‌ముట్ మిషెల్ రోడోసూడోమోనాస్ విరిడిస్ అనే ఊదా బాక్టీరియా చర్యా కేంద్రాన్ని స్ఫటికీకరించి 1982లో ఆ ఫలితాన్ని ప్రకటించాడు; యోహాన్ డైసెన్‌హోఫర్, రాబర్ట్ హూబర్‌లతో కలిసి 1985 నాటికి దాని ఆకృతిని పరమాణు స్థాయిలో బయటపెట్టాడు. పొరలో పొదిగిన ప్రోటీన్ ఒకటి ఇంత స్పష్టంగా కనిపించడం అదే మొదటిసారి. ముగ్గురికీ 1988లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ ఆకృతిలో ఎల్, ఎమ్ అనే రెండు ప్రోటీన్లు దాదాపు సమరూపంగా ఎదురెదురుగా ఉండి, ఎలక్ట్రాన్ పోవడానికి రెండు దారులు చూపుతాయి గానీ, అది ఎల్ వైపు దారిలోనే పోతుంది. సరిసమానంగా కనిపించే రెండు దారుల్లో ఒకటి ఎందుకు దాదాపు మూతపడి ఉందన్న విషయం మీద జరిగిన పరిశోధన ఒక గ్రంథాలయాన్ని నింపగలదు.

జన్యువుల వైపు నుంచి ఇదే కేంద్రాన్ని చేరుకున్న పరిశోధన మరో దారిలో నడిచింది. 1974లో అమెరికా శాస్త్రవేత్త బారీ మార్స్, నేడు రోడోబాక్టర్ క్యాప్సులేటస్ అని పిలిచే జాతిలో వింత ఒకటి గమనించాడు. వేర్వేరు లక్షణాలున్న రెండు రకాల బాక్టీరియాను ఒకచోట పెంచితే రెండు లక్షణాలూ కలిసిన సంతతి పుట్టుకొచ్చింది. కణాలు దాటలేని వడపోత గుండా పోయిన ద్రవం కూడా ఆ పని చేసింది. బాక్టీరియా తన డీఎన్‌ఏలోని చిన్న చిన్న ముక్కలను, ఒక్కొక్కటి నాలుగు వేల పైచిలుకు అక్షరాల పొడవున, వైరస్‌ను పోలిన అతి చిన్న పొట్లాల్లో కట్టి బయటికి పంపుతోందని తేలింది. మామూలు వైరస్ తన జన్యువులను తాను మోసుకుపోతుంది. ఈ పొట్లాలకు అంత చోటే లేదు, ఆతిథేయి డీఎన్‌ఏలో చేతికి దొరికిన ముక్కను మోస్తాయి. జన్యు బదిలీ కారకం అని పేరుపడ్డ ఈ పొట్లం, జన్యువుల మధ్య దూరాలను కొలవడానికి కొలబద్దలా ఉపయోగపడింది: రెండు జన్యువులు ఒకే పొట్లంలో తరచుగా కలిసి ప్రయాణిస్తే అవి పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ఈ పద్ధతిలో 1976లో గీసిన పటంలో, బాక్టీరియోక్లోరోఫిల్ తయారీ జన్యువులూ కెరోటినాయిడ్ తయారీ జన్యువులూ క్రోమోజోమ్ అంతటా చెదిరి ఉండకుండా ఒకే చోట గుంపుగా ఉన్నాయని తేలింది.

1981లో మార్స్ ఆ గుంపు మొత్తాన్ని ఒక ప్లాస్మిడ్ మీదకు, అంటే బాక్టీరియాలో ప్రధాన క్రోమోజోమ్‌తో పాటు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం మీదకు, ఎక్కించగలిగాడు. దాంతో కాంతి విద్యకు సంబంధించిన జన్యువులను ఒక్క పట్టున పట్టుకుని చదివే వీలు కలిగింది. కాలిఫోర్నియాలో జాన్ హెర్స్ట్ ప్రయోగశాలలో డగ్లస్ యూవన్ తదితరులు 1984లో చర్యా కేంద్రపు మూడు ప్రోటీన్ల జన్యు అక్షర క్రమాన్ని ప్రచురించారు. మరుసటి ఏడాది జర్మనీ నుంచి ఆకృతి వెలువడినప్పుడు, దగ్గరి బంధువైన జాతిలోని అక్షర క్రమం అప్పటికే చేతిలో ఉండడం ఎంతో కలిసివచ్చింది. ఎల్, ఎమ్ ప్రోటీన్లను మొక్కల రెండవ కాంతి వ్యవస్థలోని డీ1, డీ2 ప్రోటీన్లతో పోల్చినప్పుడు, నీటిని విడగొట్టే ఆకు యంత్రమూ నీటిని ముట్టని బురద యంత్రమూ ఒకే వంశంలోనివని స్పష్టమైంది. పొలాల్లో వాడే అట్రజీన్ తరహా కలుపు మందులు ఆకులో ఎక్కడ అతుక్కుంటాయో, కొన్ని కలుపు మొక్కలు వాటికి ఎందుకు లొంగవో వివరించడానికి బాక్టీరియా స్ఫటికమే మొదటి నమూనా అయింది.

మొత్తం గుంపు పొడవు రోడోబాక్టర్ క్యాప్సులేటస్‌లో సుమారు 46 వేల అక్షరాలు. డీఎన్‌ఏలో అక్షరం అంటే ఎదురెదురుగా కూర్చునే రెండు క్షారాల జంట. ఆ జాతి క్రోమోజోమ్ మొత్తం సుమారు 37 లక్షల అక్షరాల పొడవుంటుంది గనుక, కాంతి విద్యకు అది కేటాయించిన చోటు నూటికి ఒకటిన్నర పాలు కూడా లేదు. పనివాడు తన సామగ్రిని ఒకే పెట్టెలో సర్దుకున్నట్లు, చర్యా కేంద్రానికీ ఎల్‌హెచ్1కూ కావలసిన పఫ్, పుహ్ జన్యువులు రెండు చివర్లకు దగ్గరగా, బాక్టీరియోక్లోరోఫిల్ తయారీకి కావలసిన బీసీహెచ్ జన్యువులు, కెరోటినాయిడ్లకు కావలసిన సీఆర్‌టీ జన్యువులు నడుమ అమరి ఉంటాయి. పక్కపక్క జన్యువులను ఒకే దమ్ములో చదివే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ జన్యువులను నొక్కిపెట్టే ప్రోటీన్ ఒకటి, ఆక్సిజన్ తగ్గగానే వాటిని లేపే జత ప్రోటీన్లు కొన్ని, నీలి కాంతిని పసిగట్టి నొక్కుడును సడలించే లేదా బిగించే మరో ప్రోటీన్ కలిసి, 1957 నాటి వ్యాసంలో కనిపించిన ప్రవర్తనకు కారణమవుతాయని కార్ల్ బావర్ వంటి పరిశోధకుల కృషి వల్ల తెలిసింది.

ఈ పెట్టె మాత్రమే సరిపోదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఎల్‌హెచ్2 జన్యువులు దానికి బయట, వేరేచోట ఉన్నాయి. బాక్టీరియోక్లోరోఫిల్ తయారీలో మొదటి మెట్లు రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలోని మెట్లే. ప్రోటోపోర్ఫిరిన్ అనే అణువు దగ్గర దారి చీలి, మధ్యలో ఇనుము చేరితే హీమ్, మెగ్నీషియం చేరితే క్లోరోఫిల్ జాతి వర్ణకం అవుతుంది. క్వినోన్ దగ్గర నుంచి ఎలక్ట్రాన్‌ను తీసుకుని తిరిగి చర్యా కేంద్రానికి చేర్చే సైటోక్రోమ్ బీసీ1 అనే ప్రోటీన్ సముదాయం కూడా పెట్టెలోది కాదు, శ్వాసక్రియ కోసం అప్పటికే ఉన్నది. అంటే శ్వాసించే బాక్టీరియా దగ్గర అప్పటికే ఉన్న సరంజామాకు ఈ పెట్టె జోడింపు.

ఒక జీవిలోని డీఎన్‌ఏ మొత్తాన్ని జీనోమ్ అంటారు. ఊదా బాక్టీరియాలో దాన్ని పూర్తిగా చదవాలన్న ప్రయత్నాల్లో తొలినాటిది చికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాజెల్‌కార్న్ ప్రయోగశాలలో మొదలైంది. నత్రజని స్థాపన జన్యువుల మీద ఆసక్తితో రోడోబాక్టర్ క్యాప్సులేటస్‌ను చేపట్టిన ఆ బృందం, 1993లో మైఖేల్ ఫోన్‌స్టీన్ చేతుల మీదుగా దాని క్రోమోజోమ్‌ను పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, ఏ ముక్క పక్కన ఏది వస్తుందో వరుస పెట్టిన పటాన్ని ప్రచురించింది. ముక్కలను చదివే పనిలో ప్రాగ్ నగరపు అణు జన్యుశాస్త్ర సంస్థ చేయి కలిపింది. 1997లో 1 లక్షా 89 వేల అక్షరాల భాగం వెలువడింది. పూర్తి జీనోమ్ ప్రచురణకు 2010 దాకా పట్టింది. యంత్రాలు రోజులో లక్షల అక్షరాలు చదివే దశకు వచ్చిన తరువాత మొదలైన పనులు దీన్ని దాటిపోయినా, ప్రతి ముక్కకూ పటంలో చోటు ముందే తెలిసి ఉండడం వల్ల ఆ పాత పద్ధతికి తనదైన గట్టిదనం ఉంది.

రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్ విషయంలో ఆశ్చర్యం అక్షరాలు చదవకముందే ఎదురైంది. బాక్టీరియాకు ఒకే క్రోమోజోమ్ ఉంటుందన్న పాఠ్యపుస్తకాల మాటకు భిన్నంగా, ఆంటోనియస్ సువాంతో, శామ్యూల్ కప్లాన్ 1989లో ఈ జాతికి రెండు ఉన్నాయని చూపారు. ఒకటి సుమారు 30 లక్షల అక్షరాలది, రెండోది సుమారు 9 లక్షలది. ఇక 2004లో కరోలిన్ హార్వుడ్‌తో పాటు అనేకులు ప్రచురించిన రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్ జీనోమ్ చదివినవారికి, ఒక సూక్ష్మజీవి ఎన్ని రకాలుగా బతకగలదో తెలియజేసే చిట్టాలా తోచింది. సుమారు 54 లక్షల 60 వేల అక్షరాలు, 4,836 జన్యువులు ఉన్న ఆ జీనోమ్‌లో, గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చే నైట్రోజనేజ్ ఎంజైములు మూడు రకాలు కనిపించాయి. చాలా బాక్టీరియాకు ఉండేది ఒక్క రకమే. బెంజీన్ వలయాలను, అంటే కుళ్లుతున్న కలప నుంచి వచ్చే మొండి పదార్థాలను, విరగ్గొట్టే మార్గాలు అయిదు. వేర్వేరు వెలుతురుకు తగినట్లు వాడుకోదగిన ఎల్‌హెచ్2 వలయ వ్యవస్థలు నాలుగు. తరువాత 2016లో హార్వుడ్ బృందం ఈ బాక్టీరియా నైట్రోజనేజ్‌లో చిన్న మార్పులు చేసి, కాంతిశక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్క ఎంజైముతోనే మీథేన్‌గా మార్చగలిగిన రకాన్ని తయారుచేసింది. తయారైన మీథేన్ కొద్దిపాటిదే గనుక దాన్ని రేపటి ఇంధనంగా ఊహించుకోవడం తొందరపాటు.

ఈ రంగంలో తెలుగు నేల పాత్ర అనుకున్నదాని కన్నా పెద్దది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చింతలపాటి వెంకట రమణ, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చింతలపాటి శశికళ నడిపిన ప్రయోగశాలలు ఇరవై ఏళ్లకు పైగా కుంటలు, మడులు, సముద్ర తీరాలు, హిమాలయ కనుమలు గాలించి కొత్త ఊదా బాక్టీరియా జాతులను అనేకం వర్ణించాయి. 2007లో వర్ణించిన మారిక్రోమేషియం భీమ్లికం పేరులో భీమిలి, రోడోవ్యులం విశాఖపట్నమెన్సె పేరులో విశాఖపట్నం, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ పేరులో కాకినాడ ప్రపంచ శాస్త్ర సాహిత్యంలోకి ఎక్కాయి. వరిమడి మట్టి నుంచి తీసిన రూబ్రివివాక్స్ బెంజోయాటిలిటికస్ జీనోమ్‌ను ఇదే బృందం 2011లో వెలువరించింది. 2019లో జీనోములను పక్కపక్కన పెట్టి పోల్చిన వీరు, రోడోబాక్టర్ అన్న పేరు కింద వేర్వేరు వంశాలు కలిసిపోయాయని, వాటిని కొత్త ప్రజాతులుగా విడదీయాలని, వాటిలో సుప్రసిద్ధమైన స్ఫెరాయిడిస్‌కు కూడా వేరే ఇల్లు చూపాలని ప్రతిపాదించారు. దశాబ్దాల సాహిత్యం పాత పేరు మీద ఉన్నందున చాలా ప్రయోగశాలలు ఇప్పటికీ ఆ పేరే వాడుతున్నా, వాదన బలం జీనోములలో ఉంది.

కోస్తా జిల్లాల రొయ్యల రైతులకు ఊదా బాక్టీరియా మరో రూపంలో పరిచయం. పీఎస్‌బి అన్న పేరుతో డబ్బాల్లో దొరికే ఎర్రని ద్రవం ఇదే. మేత మిగిలి కుళ్లి చెరువు అడుగున నల్లబురదగా మారినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ రొయ్యకు విషం గనుక, దాన్ని తినే బాక్టీరియాగా దీన్ని చెరువులో చల్లుతారు. ఆలోచనకు శాస్త్ర ఆధారం ఉన్నమాట నిజమే గానీ, సల్ఫైడ్ పుట్టే చోటు బురద లోపల, వెలుతురు చేరే చోటు నీటి పైపొరల్లో ఉంటాయన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైగా గంధకాన్ని ఇష్టంగా వాడే ఊదా బాక్టీరియా వేరు, ప్రధానంగా సేంద్రియ ఆమ్లాలతో బతికే గంధకేతర ఊదా బాక్టీరియా వేరు. డబ్బాలో ఏది ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

జీనోములు పెరిగిన కొద్దీ ఊదా బాక్టీరియా అన్న గుంపే ఒక వంశంగా నిలబడదన్న సంగతి బలపడుతూ వచ్చింది. 1980ల్లో కార్ల్ వోస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి బాక్టీరియా వంశవృక్షాన్ని గీసినప్పుడు, ఊదా బాక్టీరియా కొమ్మల మీదే కాంతితో ఏ సంబంధమూ లేని ఈ.కోలై, పప్పుధాన్యాల వేళ్ల బొడిపెల్లో ఉండే రైజోబియం, టైఫస్ జ్వరానికి కారణమయ్యే రికెట్సియా వచ్చి కూర్చున్నాయి. 1988లో ఈ పెద్ద సమూహానికి ప్రోటియోబాక్టీరియా అని పేరు పెట్టారు. మనిషి కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా ఈ సమూహంలోని ఆల్ఫా శాఖకో దానికి అతి దగ్గరి శాఖకో చెందిన పురాతన బాక్టీరియా సంతతే; అందుకే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బీసీ1 ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఊదా బాక్టీరియాను నమూనాగా వాడతారు. రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్‌కు జీనోమ్ రీత్యా అతి దగ్గరి చుట్టం సోయా వేళ్ల బొడిపెల్లో నత్రజనిని స్థాపించే బ్రాడీరైజోబియం; ఆ ప్రజాతిలోనే ఈస్కినోమీని అనే నీటి వార మొక్కల కాండం మీద బొడిపెలు కట్టే కొన్ని రకాలకు కిరణజన్య సంయోగక్రియ జన్యువుల పెట్టె ఉంది, నేల లోపలి సోయా వేళ్లను ఆశ్రయించిన వాటికి లేదు.

ఒకే కుటుంబంలో కొందరికి ఈ విద్య ఉండి కొందరికి లేకపోవడానికి కారణాలు రెండు కావచ్చు: అందరికీ ఉన్నది కొందరు పోగొట్టుకోవడం, లేదా కొందరు బయటి నుంచి సంపాదించుకోవడం. చాలాకాలం పోగొట్టుకోవడం వైపే మొగ్గు ఉంది. చీకటి బతుక్కు అలవాటుపడ్డ బాక్టీరియా పనికిరాని జన్యువులను వదిలేయడంలో వింత లేదు. పెట్టె అంతా ఒకచోట ఉండడం వల్ల రెండోదీ సాధ్యమేనని 1997లో జపాన్ పరిశోధకులు రూబ్రివివాక్స్ జన్యువుల పోలికతో సూచించారు: ఆ బాక్టీరియా రైబోసోమ్ ఒక శాఖను చూపితే, దాని కాంతి జన్యువులు మరో శాఖ వైపు చూపాయి. సముద్రంలో గాలి ఆడే నీటిలోనే బతుకుతూ, కాంతిని అదనపు ఆదాయంగా వాడుకునే రోసియోబాక్టర్ లిటొరాలిస్‌లో ఈ జన్యువుల గుంపు క్రోమోజోమ్ మీద కాక ప్లాస్మిడ్ మీద ఉండడం ఆ వాదనకు మరింత ఊతమిచ్చింది. ప్లాస్మిడ్లు ఒక కణం నుంచి మరో కణానికి పోయే అలవాటున్నవి.

ప్రోటియోబాక్టీరియా సరిహద్దులను దాటిన ఉదాహరణ 2014లో దొరికింది. పశ్చిమ గోబీ ఎడారిలోని ఒక మంచినీటి సరస్సు నుంచి తీసిన జెమ్మటిమోనాస్ ఫోటోట్రోఫికా అనే బాక్టీరియా, అంతవరకు కాంతిని వాడుకునే జాతి ఒక్కటీ లేదనుకున్న వేరే సమూహానికి చెందినదైనా, దాని జీనోమ్‌లో 42 వేల పైచిలుకు అక్షరాల కాంతి జన్యువుల గుంపు ఒకేచోట కనిపించింది, అందులోని జన్యువుల అమరిక, పోలికలు ఊదా బాక్టీరియావే. ఎప్పుడో ఒక ఊదా బాక్టీరియా నుంచి అది మొత్తంగా వచ్చి చేరిందన్నది పరిశోధకుల నిర్ధారణ. ఈ జీవి కాంతి ఒక్కదానితోనే బతకలేదు. దానికి సేంద్రియ ఆహారమూ, కొద్దిపాటి ఆక్సిజనూ కావాలి, కాంతి ఆ ఆహారాన్ని పొదుపుగా వాడుకోవడానికి తోడ్పడుతుంది. 2022లో దాని చర్యా కేంద్రాన్ని అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు, ఊదా బాక్టీరియాలో మాదిరి లోపలి వలయం చుట్టూ, ఊదా బాక్టీరియాలో ఎక్కడా లేని రెండో వలయం ఒకటి అమరి ఉంది: వచ్చి చేరిన యంత్రాన్ని వచ్చినట్లే ఉంచకుండా, కొత్త యజమాని దానికి సొంతంగా ఒక గ్రాహకాన్ని తగిలించుకుంది.